కాటన్ అను ఇంటిపేరు

మన ఇంటిపేర్లు కొన్ని ఊరిని బట్టియు, కొన్ని వృత్తిని బట్టియు, కొన్ని పూర్వుల పేరును బట్టియు ఏర్పడినవి. ఇంగ్లీషువారి ఇంటిపేర్లును ఇట్టివే. స్మిత్ అనగా కమ్మరి. వీవర్, వెబ్‌స్టర్ అనగా నేతగాడు. డయ్యర్ అనగా అద్దకపువాడు. నేసిన ఉన్ని బట్టను నీటిలో వేసి కాళ్లతో తొక్కి గట్టిపరచువానికి వాకర్ అని పేరు. మన పనులకు సంబంధించిన పేర్లు వారిలో ఇన్ని ఉన్నవి గనుక, కాటన్ అను ఇంటిపేరు వినగానే పత్తి వ్యాపారము చేసిన కుటుంబమని మనము అనుకొనుట సహజము. గోదావరి జిల్లాల నుండి వచ్చిన మన సభ్యులు కాటన్ దొర మాట వచ్చినప్పుడెల్ల ఈ ప్రశ్న వేయుచుందురు. సమాధానము ఆలోచింపదగినది గనుక ఈ నెల పాఠముగా దీనిని తీసుకొంటిమి.

ఆ పేరునకు పత్తితో సంబంధము లేదు. పాత ఇంగ్లీషులో కాట్ అనగా గుడిసె. ‘గుడిసెల వద్ద’ అను అర్థముగల మాటయే కాటన్ అయినది. మన పాలెము, గూడెము వలె అది మొదట ఊరి పేరు; ఇంగ్లండులో ఆ పేరుగల ఊళ్లు పలుచోట్ల ఉన్నవి. ఆ ఊళ్ల నుండి వచ్చినవారికి అది ఇంటిపేరైనది. పత్తిని తెలుపు కాటన్ అను మాట అరబ్బీలోని కుత్న్ నుండి ఫ్రెంచి ద్వారా వచ్చినది. రెండు వేరు మాటలు ఒకే రూపమున కలిసినవి, అంతే.

ఇక ఆ పేరుగల ప్రముఖులు.

సర్ రాబర్టు కాటన్ (1571–1631) పాత వ్రాతప్రతులను సేకరించినవాడు. ఆయన గ్రంథాలయము 1753లో ఏర్పడిన బ్రిటిష్ మ్యూజియమునకు మూలధనములలో ఒకటి.

సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) మనకు బాగుగా తెలిసినవాడు. 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరెను. రెడ్ హిల్స్ నుండి రోడ్లకు రాయి తెచ్చుటకై ఆయన రూపొందించిన రైలుమార్గము 1837లో చింతాద్రిపేట వంతెన వరకు నడిచెను. మన దేశమున మొదటి రైలుమార్గము అదియే. చింతాద్రిపేట మరేమో కాదు. 1734లో కంపెనీవారు నేతగాండ్రను, వడుకువారిని, అద్దకపువారిని కాపురముంచుటకై కట్టిన పేట. అరవమున చిన్న తరి పేట, అనగా చిన్న మగ్గాల పేట. పత్తితో సంబంధము లేని పేరుగల దొర వేసిన దారి నేతపేటకు చేరుట చిత్రమే.

తరువాత 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించెను. ఆ కాలువలు పొలమునకు నీరిచ్చుటయేగాక పడవలనుకూడ నడిపెను. బకింగ్‌హాం కాలువ వెంట సరకు పడవలు జార్జి టౌను పడమటి అంచున బేసిన్ బ్రిడ్జి వరకు వచ్చుచుండెడివి. ఆయన అన్న సర్ సిడ్నీ సైన్యమున పేరు పొందెను. తమ్ముడు ఫ్రెడరిక్ కూడ మద్రాసులో ఇంజనీరే.

సర్ హెన్రీ కాటన్ (1845–1915) వేరొక కుటుంబమువాడు. పుట్టినది కుంభకోణములో. అస్సాము చీఫ్ కమీషనరుగా ఉండి తేయాకు తోటల కూలీలకు కూలి పెంచవలెనని వాదించి, తోటల యజమానుల ఆగ్రహమునకు గురియయ్యెను. 1904లో బొంబాయి కాంగ్రెసునకు అధ్యక్షత వహించెను. కలకత్తా బిషప్పు జార్జి కాటన్ (1813–1866) పేర సిమ్లాలోను బెంగుళూరులోను పాఠశాలలు ఉన్నవి.

మద్రాసు సివిల్ ఉద్యోగి జూలియన్ జేమ్సు కాటన్ సమాధుల రాళ్లపై వ్రాతలను కూర్చి 1905లో గ్రంథముగా ప్రకటించెను. మద్రాసులో ఇంగ్లీషువారి తొలి శ్మశానము జార్జి టౌను దక్షిణపు అంచున, పాత లా కాలేజీ ఉన్న చోటనే ఉండెడిది.

ఇంటిపేరు ఒకటి, కుటుంబములు వేరు, పనులు వేరు. వీరిలో ఎవరిని గౌరవించినను వారు చేసిన పనిని చూచియే గాని పేరును చూచి కాదు. సరకు విషయమునను ఇదే నియమము. గోడౌన్ వీధిలో కాటన్ అను చీటీ అంటించిన బట్టలు గుట్టలుగా ఉండును. అందు పాలియెస్టరు కలిసినది ఎంత, మరమగ్గముపై నేసినది ఎంత అని చీటీ ఒక్కటే చూచి చెప్పజాలము. ఆ బట్ట మన బట్ట పేరుతో తక్కువ ధరకు అమ్ముడైన కొలది మన మగ్గమునకు గిరాకి తగ్గును. కావున సభ్యులు ఈ క్రింది పరీక్షలు నేర్చుకొనవలెను, కొనువారికి చూపవలెను.

1. పడుగు నుండి ఒక పోగు, పేక నుండి ఒక పోగు వేరువేరుగా లాగవలెను. కల్తీ ఒక్కదానిలోనే ఉండవచ్చును.

2. పోగును పట్టుకారుతో పట్టి నీటి గిన్నెపై వెలిగించవలెను. నూలు కాగితము కాలిన వాసనతో కాలి, మెత్తని బూడిద మిగులును. పాలియెస్టరు ముడుచుకొని కరగి, చివర గట్టి పూస కట్టును.

3. రేయాన్ కూడ కాగితమువలెనే కాలును. కావున మరియొక పోగును నడుమ తడిపి లాగవలెను. రేయాను తడిచోట సులువుగా తెగును. నూలు తడిసినప్పుడు మరింత గట్టిపడును.

ఈ పరీక్షలు పోగును గూర్చి మాత్రమే చెప్పును. చేతిమగ్గముపై నేసినదా కాదా అని చెప్పవు. అందుకే 2006లో హ్యాండ్లూం మార్కు ఏర్పడినది. చేనేతకు ప్రత్యేకించిన రకములను మరమగ్గములపై నేయరాదని 1985 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ రకములు మొదట 22, ఇప్పుడు 11. అర్హతగల సభ్యులందరు మార్కు పొంది వాడవలెను. కాని మన నేతలో నాణ్యము తగ్గినచో మార్కుకూడ వట్టి పేరే అగును.

అభ్యాసమునకు ప్రశ్నలు:

(1) ఇంటిపేరుగా కాటన్ అనగా ఏమి? నూలుగా కాటన్ అనగా ఏమి?

(2) పడుగు, పేక వేరుగా ఏల పరీక్షింపవలెను?

(3) మీ ఇంటిపేరు ఊరిది యా, వృత్తిది యా? పెద్దలనడిగి వ్రాసి తెండు. వచ్చే సమావేశమున చదివింతుము.