తుంటినరం నొప్పి: ఓర్చుకోవలసినది ఎప్పుడు, పరుగెత్తి రావలసినది ఎప్పుడు?



ఈ సంచికలో ఆరోగ్య పాఠానికి సయాటికాను తీసుకున్నాము. నడుములో పుట్టి, పిరుదు మీదుగా తొడ వెనుక నుండి పిక్కలోకి, పాదంలోకి జివ్వుమని లాగే నొప్పి ఇది. "కాల్లో కరెంటు తీగ పెట్టినట్టుంది సిస్టర్" అని కొందరు చెబుతారు. పురిటి నొప్పులకంటే ఇదే ఎక్కువ అన్న తల్లులు కూడా ఉన్నారు. దగ్గినా, తుమ్మినా, ముక్కినా ప్రాణం పోయినంత పనవుతుంది. ఎక్కువగా ఒక కాలికే వస్తుంది.

ఈ పాఠంలో ముఖ్యమైన మాట ముందే చెబుతున్నాము. నొప్పి ఎంత ఎక్కువగా ఉందో దాన్ని బట్టి ప్రమాదాన్ని కొలవకండి. కేకలు పెట్టించే నొప్పి చాలామందికి కొన్ని వారాలలో తగ్గిపోతుంది. చప్పుడు చేయకుండా వచ్చే మొద్దుబారడం, కాలు బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం అసలైన ప్రమాదపు గుర్తులు. వాటికి నొప్పి ఉండకపోవచ్చు గనుక ఇంట్లోనే ఉండిపోతారు.

తుంటినరం అంటే ఏమిటి?

మన శరీరంలో అన్నిటికంటే లావైన నరం ఇదే. దాదాపు మన వేలంత మందం ఉంటుంది. వెన్ను కింది భాగం నుండి వచ్చే ఐదు నరాల వేళ్లు కలిసి ఈ నరంగా ఏర్పడతాయి. పిరుదు లోపలి నుండి తొడ వెనుకగా దిగి, మోకాలి దగ్గర రెండు శాఖలై పాదం వరకు వెళుతుంది. అందుకే జబ్బు నడుములో ఉన్నా నొప్పి పిక్కలో, కాలివేళ్లలో తెలుస్తుంది.

ఈ పేరు మనకు కొత్తది కాదు. ఆదికాండము 32వ అధ్యాయంలో యాకోబు తొడగూడు వసిలిన సంగతి చదివినప్పుడు తుంటినరము అనే మాట చూస్తాము. యాకోబు ఆ తెల్లవారి కుంటుతూనే నడిచాడు. నొప్పితో నడవవలసినవారికి ఆ సంగతి ఆదరణగా ఉంటుంది.

నొప్పి ఎందుకు వస్తుంది?

రెండు వెన్నుపూసల మధ్య చిన్న దిండులాంటి డిస్క్ ఉంటుంది. పైన గట్టి పొర, లోపల మెత్తని గుజ్జు. పొర బలహీనపడి చిరిగితే గుజ్జు బయటకు ఉబికి పక్కనున్న నరం వేరును నొక్కుతుంది, అక్కడ వాపు పుట్టిస్తుంది. "డిస్క్ జారింది" అని మనం అంటాము గాని, డిస్క్ తన చోటు వదిలి ఎక్కడికీ జారదు. కాబట్టి దాన్ని ఎవరూ తన్ని, తొక్కి లోపలికి నెట్టలేరు. ఈ డిస్క్ వల్లనే సయాటికా వస్తుందని 1934లో అమెరికాలోని బోస్టన్ నగరపు డాక్టర్లు మిక్స్టర్, బార్ అనేవారు లోకానికి స్పష్టంగా చూపించారు.

పెద్ద వయసువారిలో వెన్నులోని నరాల దారి ఇరుకై కూడా ఈ నొప్పి వస్తుంది. వీరు కొంతదూరం నడిస్తే కాళ్లు లాగుతాయి. కూర్చుంటే, ముందుకు వంగితే హాయిగా ఉంటుంది. వెన్నుపూస ముందుకు జరగడం, అరుదుగా వెన్నుకు క్షయ, గడ్డలు కూడా కారణం కావచ్చు.

కాలి నొప్పులన్నీ సయాటికా కాదు. రెండు పాదాలూ మంటలు పుడితే షుగరు వల్ల కావచ్చు. ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ కాలిని మర్దన చేయకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

వెంటనే రావలసిన గుర్తులు

ఈ కింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు.

1. మూత్రం రాకపోవడం, వచ్చినట్టు తెలియకపోవడం, తెలియకుండా పడిపోవడం.
2. పీట మీద కూర్చుంటే పీటకు తగిలే చోటు, అంటే మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం. కడుక్కునేటప్పుడు నీళ్ల స్పర్శ తెలియకపోవడం.
3. మల విసర్జన మీద అదుపు తప్పడం.
4. నొప్పిగాని బలహీనతగాని రెండు కాళ్లకూ పాకడం.
5. పాదం ఎత్తలేక నేలకు రాసుకుంటూ నడవడం.

మొదటి నాలుగు గుర్తులు వెన్ను అడుగున ఉన్న నరాల కట్ట మొత్తం నొక్కుకుపోయిందని చెబుతాయి. అప్పుడు వెంటనే ఎం.ఆర్.ఐ. తీసి, అవసరమైతే అత్యవసరంగా ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు, కాళ్ల బలం జీవితాంతం తిరిగి రాకపోవచ్చు.

ఇక్కడ మా అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఆ చోట స్పర్శ లేదని చెప్పడానికి సిగ్గుపడి రెండు మూడు రోజులు గడిపేవారు ఉన్నారు. డాక్టరుగారితో చెప్పలేకపోతే మా నర్సులలో ఎవరికైనా చెవిలో చెప్పండి. మేము అడిగినా ఏమీ అనుకోకండి. అన్నదమ్ములు కూడా దాచవద్దు.

జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు మరీ పెరిగే నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ గాని క్షయ గాని వచ్చి ఉండడం, పడిన తరువాత మొదలైన నొప్పి: ఇవి ఉన్నా ఇంటి వైద్యంతో కాలం గడపకుండా డాక్టరుగారికి చూపించాలి.

ఇంట్లో చూసుకునే చిన్న పరీక్ష

రోజుకు ఒకసారి గోడ పట్టుకుని నిలబడండి. మడమల మీద నాలుగు అడుగులు వేయండి. తరువాత మునివేళ్ల మీద నాలుగు అడుగులు వేయండి. నొప్పి ఉన్నా రెండు కాళ్ల బలం సమానంగా ఉంటే మంచిదే. నిన్న చేయగలిగినది ఈ రోజు ఒక కాలితో చేయలేకపోతే, నొప్పి తగ్గినట్టు అనిపించినా సరే, ఆ రోజే రండి. నొప్పి తగ్గి బలం కూడా తగ్గితే అది బాగుపడటం కాదు.

మంచం మీదే ఉండాలా?

వెనుకటి రోజుల్లో వారాల తరబడి చెక్క మంచం మీద పడుకోబెట్టేవారు. 1999లో నెదర్లాండ్స్ దేశంలో 183 మంది రోగులను పరిశీలించారు. కొందరిని రెండు వారాలు మంచం మీద ఉంచారు, మిగిలినవారిని ఓర్చుకోగలిగినంత తిరగమన్నారు. పన్నెండు వారాలకు రెండు గుంపులలోనూ నూటికి 87 మంది మెరుగుపడ్డామని చెప్పారు. అంటే మంచం వల్ల అదనంగా వచ్చిన మేలు ఏమీ లేదు. పైగా ఎక్కువ రోజులు పడుకుంటే కండరాలు నీరసిస్తాయి, మలబద్ధకం పెరుగుతుంది, మనసు కుంగుతుంది.

కాబట్టి నొప్పి భరించలేని ఒకటి రెండు రోజులు పడుకున్నా తప్పులేదు. ఆ తరువాత గంటకోసారి లేచి ఇంట్లోనే అయిదు నిమిషాలు నడవండి. రోజురోజుకూ కొంచెం పెంచండి. బయటకు ఉబికిన గుజ్జును చాలామందిలో శరీరమే మెల్లగా పీల్చుకుంటుంది. సాధారణంగా ఆరు నుండి పన్నెండు వారాలలో ఎక్కువమందికి నొప్పి బాగా తగ్గుతుంది.

బాగుపడుతున్న గుర్తు ఒకటి తెలుసుకోండి. పాదంలోని నొప్పి పిక్కకు, పిక్కలోనిది తొడకు, తొడలోనిది నడుముకు వెనక్కి వస్తుంటే, కాలి బలం బాగుంటే, నడుము నొప్పి కొంచెం పెరిగినా అది మంచి గుర్తే. నడుములోని నొప్పి కిందికి పాకేలా చేసే పని ఏదైనా మానాలి.

పడుకోవడం, లేవడం, కూర్చోవడం

వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. గుంట పడిన నులక మంచం, నవారు మంచం ఈ రోజుల్లో వద్దు.

లేచేటప్పుడు ముందు పక్కకు దొర్లి, కాళ్లు కిందికి వేలాడదీసి, చేతులు ఆనించి లేవండి. వెల్లకిలా నుండి ఒక్కసారిగా లేవకండి.

ఒకేచోట అరగంటకు మించి కూర్చోవద్దు. నేల మీద బాసిపట్టు వేసుకోవడం, గొంతుకు కూర్చోవడం కొన్నాళ్లు మానండి. మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ వాడుకోండి. ముక్కితే నొప్పి ఎక్కువవుతుంది గనుక ఆకుకూరలు, పండ్లు తిని నీళ్లు బాగా తాగండి.

నాట్లు, కలుపు, బస్తాలు మోయడం, నీళ్ల బిందె చంకనెత్తుకోవడం నొప్పి తగ్గేవరకు ఇతరులకు అప్పగించండి. నొప్పి తగ్గాక బరువు ఎత్తవలసి వస్తే మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి.

వేడి కాపడం కొందరికి హాయినిస్తుంది. కాని మొద్దుబారిన చోట, షుగరు ఉన్నవారి పాదాల మీద ఉప్పు మూట, ఇసుక మూట పెట్టవద్దు. కాలినా తెలియదు.

మందుల సంగతి

ఈ నొప్పిని పూర్తిగా తీసేసే మాత్ర లేదు. నొప్పి మాత్రలు కొంత ఉపశమనం ఇచ్చి, నాలుగు అడుగులు వేయడానికి సాయపడతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి తక్కువ మోతాదులో, తక్కువ రోజులు, డాక్టరుగారు చెప్పినట్టే వాడాలి. అల్సరు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బి.పి. ఉన్నవారు, గర్భవతులు అడగకుండా వాడకూడదు. రెండు వేరు పేర్లున్న మాత్రలలో ఒకే మందు ఉండవచ్చు. చీటీ, మాత్రలు రెండూ తెచ్చి చూపించండి.

ఉపవాస ప్రార్థన రోజుల్లో ఖాళీ కడుపుతో ఈ మాత్రలు మింగవద్దు. కడుపులో పుండు పడి రక్తం కారవచ్చు. నొప్పి మాత్రలు వాడుతున్నంతకాలం భోజనం చేసి ప్రార్థనలో పాలుపొందండి.

ప్రీగాబాలిన్ అనే నరాల మాత్రను చాలామంది వాడుతున్నారు. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది మీద జరిగిన పరీక్షలో అది సయాటికాకు ఉత్తుత్తి మాత్రకంటే ఎక్కువ మేలు చేయలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపవద్దు. డాక్టరుగారిని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

ఊళ్లో ఎవరుపడితే వారిచేత పిరుదుకు ఇంజెక్షన్ చేయించుకోవద్దు. సూది తప్పు చోట పడితే ఆ తుంటినరమే దెబ్బతిని పాదం పడిపోవచ్చు. పేరులేని పొడులు, గోలీలు వద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము తన్నించుకోవడం, పిల్లలచేత తొక్కించుకోవడం, వాతలు పెట్టించుకోవడం మానండి.

స్కానింగ్, ఆపరేషన్

స్కానింగ్ రిపోర్టులో డిస్క్ ఉబికిందని రాస్తే గుండె జారిపోనవసరం లేదు. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, సగానికి పైగా మందిలో డిస్క్ ఉబ్బు కనిపించింది. ప్రమాదపు గుర్తులు లేనప్పుడు మొదటి వారాలలో స్కానింగ్ అవసరం ఉండదు. అప్పు చేసి తీయించుకోవద్దు.

వారాలు గడిచినా కాలి నొప్పి తగ్గకపోతే ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు. నెదర్లాండ్స్‌లోనే 283 మందితో జరిపిన మరొక పరిశీలన 2007లో వెలువడింది. త్వరగా ఆపరేషన్ చేసినవారికి నొప్పి త్వరగా తగ్గింది. ఆగి చూసినవారిలో కొందరికి తరువాత ఆపరేషన్ అవసరమైంది. సంవత్సరం తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి. కాబట్టి బలం తగ్గనంతవరకు ఆగడానికీ, చేయించుకోవడానికీ రెండింటికీ అవకాశం ఉంది, నిదానంగా నిర్ణయించుకోండి. బలం తగ్గుతూ ఉంటే మాత్రం ఆగకూడదు.

కుటుంబం, సంఘం చేయగలిగినది

సయాటికా పైకి కనిపించే గాయం కాదు. "పని తప్పించుకోవడానికి నటిస్తోంది" అనే మాట ఆ కోడలికి నొప్పికంటే ఎక్కువ బాధ. కొన్ని వారాలు నీళ్లు మోసిపెట్టడం, బట్టలు ఉతికిపెట్టడం ఆమెకు మందుతో సమానం.

సంఘ పెద్దలు గుడిలో చాపల పక్కన నాలుగు కుర్చీలు వేయించండి. మోకరించలేనివారు నిలబడి గాని పడుకుని గాని ప్రార్థించినా దేవుడు వింటాడు. నొప్పి పడుతున్నవారితో "విశ్వాసం తక్కువైంది" అనవద్దు. మందు వాడటం అవిశ్వాసం కాదు. అపొస్తలుడైన పౌలు వెంట వైద్యుడైన లూకా ఉన్నాడు. నిద్రలేక, ఏడుస్తూ, బ్రతకడం వద్దనిపిస్తున్నవారు ఉంటే మాకు గాని కాపరిగారికి గాని తప్పక చెప్పండి. ఆ బాధకు కూడా చికిత్స ఉంది.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవలసిన ప్రశ్నలు

1. ఏ గుర్తులు కనిపిస్తే రాత్రివేళైనా బయలుదేరాలి?
2. నొప్పి తగ్గినా ఎప్పుడు భయపడాలి?
3. నొప్పి మాత్ర ఖాళీ కడుపుతో ఎందుకు వేసుకోకూడదు?
4. మన ఇంట్లో నొప్పితో ఉన్నవారి పనులలో దేన్ని మనం పంచుకోగలం?

కుంటుతూ నడిచిన యాకోబును విడువని దేవుడు, నొప్పితో నడిచే మీ ప్రతి అడుగునూ కాపాడును గాక. ఆమేన్.