కారు స్ప్రింగు మీది రంగు గీత ఏం చెబుతుంది?

మనలో కొందరం పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో చేరి వాహనాల పని నేర్చుకుంటాం. అక్కడ మన చేతికి వచ్చే వస్తువుల్లో కారు సస్పెన్షన్ స్ప్రింగు ఒకటి. నల్లని ఆ స్ప్రింగు చుట్ల మీద పసుపు, ఆకుపచ్చ, తెలుపు వంటి రంగు గీతలు కనిపిస్తాయి. అవి అందం కోసం వేసినవి కావు. వాటి అవసరమేమిటో మనం చదివిన భౌతికశాస్త్రంతోనే తెలుసుకుందాం.

1678లో రాబర్ట్ హుక్ ప్రచురించిన నియమం మనకు తెలిసిందే. స్థితిస్థాపక అవధి లోపల, బరువు రెట్టింపయితే స్ప్రింగు కుంగడమూ రెట్టింపవుతుంది. స్ప్రింగు 1 మి.మీ. కుంగడానికి ఎంత బలం కావాలో చెప్పేదే బల స్థిరాంకం. ఇది తీగ వ్యాసం యొక్క నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. 12 మి.మీ. తీగతో చేసిన స్ప్రింగు బల స్థిరాంకం 20 న్యూటన్లు/మి.మీ. అనుకుందాం. 4000 న్యూటన్ల బరువుకు అది 200 మి.మీ. కుంగుతుంది. మిగతా కొలతలన్నీ అలాగే ఉంచి, తీగను మాత్రం 12.6 మి.మీ. చేస్తే బల స్థిరాంకం సుమారు 24.3 అవుతుంది. అప్పుడు కుంగేది 165 మి.మీ. మాత్రమే. తీగలో తేడా 0.6 మి.మీ., కారు ఎత్తులో తేడా 35 మి.మీ.! ఈ తేడాను కంటితో పట్టలేం. అందుకే కర్మాగారంలో రంగుతో గుర్తు పెడతారు.

ఒకే మోడల్ కారులోనూ పెట్రోలు ఇంజనుకు ఒక స్ప్రింగు, బరువైన డీజిలు ఇంజనుకు మరొకటి ఉండవచ్చు. ఒకే రకం స్ప్రింగుల్లోనూ స్వల్ప తేడాలు వస్తాయి. రష్యాలో 1982లో తయారీ మొదలైన వాజ్-2107 కారునే తీసుకుందాం. దాని స్ప్రింగుల మీద నిర్ణీత బరువు పెట్టి, పొడవు కొలిచి, రెండు తరగతులుగా విడదీశారు. పొడవుగా నిలిచినవి ‘ఎ’ తరగతి, వాటికి పసుపు గుర్తు. మిగిలినవి ‘బి’ తరగతి, వాటికి ఆకుపచ్చ గుర్తు. కుడి ఎడమలకు ఒకే తరగతివి బిగించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎలక్ట్రానిక్స్‌లో రెసిస్టరు మీది రంగులకు ప్రపంచమంతటా ఒకే అర్థం. స్ప్రింగు రంగులకు అలాంటి ఉమ్మడి పట్టిక లేదు. ఒక కంపెనీ పసుపు వేరు, మరో కంపెనీ పసుపు వేరు. రంగు స్ప్రింగుకు పెట్టిన పేరే గాని కొలత కాదు. దాని అర్థం ఆ కారు సర్వీసు పుస్తకంలోనే వెతకాలి.

గుర్తుంచుకోవలసినవి:
1. పాత స్ప్రింగు విప్పగానే బురద తుడిచి, రంగులనూ గీతల సంఖ్యనూ రాసుకోవాలి.
2. రంగు చెరిగిపోతే ఊహించకూడదు. ఛాసిస్ నంబరుతో సరైన పార్టు నంబరు తెలుసుకోవాలి.
3. ఒక ఇరుసుకు రెండు పక్కలా స్ప్రింగులను జతగా మార్చాలి. లేకుంటే కారు ఒక పక్కకు ఒరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు పక్కకు లాగవచ్చు.
4. బిగువులో ఉన్న స్ప్రింగును సరైన కంప్రెసర్ లేకుండా విప్పరాదు. అది ఎగిరితే ప్రాణానికే ముప్పు.

ఆ కారులో ఒక కుటుంబం ప్రయాణిస్తుంది. వేలెడంత రంగు గీతను శ్రద్ధగా చదవడం కూడా మన చదువులో భాగమే.