వంతగాని పేరు

రేనాటి పల్లెలలో పంటలు ఇల్లు చేరిన పిదప రాత్రివేళ బుర్రకథ చెప్పించుట వాడుకగా నుండెను. కథకుడు తంబురా భుజమున వేసికొని, వ్రేలి అందెలు మ్రోగించుచు, ముందునకును వెనుకకును అడుగులు వేయుచు కథ నడపును. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గాథ కర్నూలు, కడప సీమలలో ఊరూర తిరిగినది ఇట్టి గాయకుల నోటనే.

కథకుని కిరుప్రక్కల ఇద్దరు వంతలు డక్కీలు పట్టుకొని నిలుతురు. ఒకడు హాస్యమాడును, ఒకడు లోకవ్యవహారము ముచ్చటించును. డక్కీ ఆగినచో కథకుని అడుగు తడబడును. అయినను మరునాడు రచ్చబండ కడ కథకుని పేరే వినవచ్చును గాని, వంతల పేర్లడుగువారు అరుదు.

ఇట్టి వంతపనియే జీవితమంతయు చేసి, తన పేరు తాను దక్కించుకొన్న వాద్యకాడు అమెరికాలో ఒకడుండెను. అతడు విల్లీ డిక్సన్. 1915 జూలై 1వ తేదీన మిసిసిపీ రాష్ట్రమందలి విక్స్‌బర్గ్ పట్టణమున జన్మించెను. మన ఆదోని ప్రాంతమువలె అదియు పత్తి పండు సీమ. బానిసలుగా ఆ పత్తిచేలలో చాకిరి చేసినవారి సంతతి పాడుకొన్న పాటకే బ్లూస్ అని పేరు.

డిక్సన్ తల్లి మామూలుగా మాటలాడినను ప్రాసలు పడుచుండెడివట! థియో ఫెల్ప్స్ అను వడ్రంగి ఆ బాలునికి స్వరము కలిపి పాడుట నేర్పెను. గొంతు మంద్రమగుటచే బృందములో అడుగుస్వరము పాడుట అతని వంతయ్యెను. తరువాత షికాగో చేరి, 1937లో ముష్టియుద్ధపు పోటీలో గెలిచెను. లెనార్డ్ కాస్టన్ అను మిత్రుడు రేకుడబ్బాకు ఒక్క తీగ బిగించి చేసి యిచ్చినదే అతని తొలి బాస్ వాద్యము. అసలైన బాస్ మనిషికన్న పొడవైనది. దానిని నిలబెట్టి నాలుగు లావుపాటి తీగలను వ్రేళ్లతో మీటవలెను. దాని మ్రోత శ్రోతకు ప్రత్యేకముగా తోచదు. అది లేనిచో పాటకు కాళ్లక్రింద నేల యుండదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, తన జాతివారిని సమానులుగా చూడని దేశము కొరకు పోరాడనని చెప్పి అతడు పది నెలలు చెరసాలలో నుండెను. విడుదలయైన పిదప చెస్ అను గ్రామఫోను సంస్థలో చేరి, పగలు ఇతరుల పాటలకు బాస్ వాయించుచు, తాను పాటలు కట్టి ఇతరులకు నేర్పుచుండెను. 1954లో మడ్డీ వాటర్స్ పాడి ప్రసిద్ధికెక్కిన 'హూచీ కూచీ మ్యాన్' అతడు కట్టినదే. అందు బాస్ మ్రోతయు అతనిదే. ఛక్ బెర్రీ పాటల వెనుకను ఆ వ్రేళ్లే యున్నవి.

1962లో అతడు బ్లూస్ గాయకులతో ఐరోపా పర్యటించెను. రెండేండ్లకే, అనగా 1964లో, రోలింగ్ స్టోన్స్ అను ఆంగ్లయువకుల బృందము అతని 'లిటిల్ రెడ్ రూస్టర్' పాడి ఇంగ్లండులో ప్రథమస్థానమందెను. పాట సముద్రము దాటెను. ప్రతిఫలము మాత్రము కట్టినవాని ఇల్లు సరిగా చేరలేదు. హక్కులు ప్రచురణకర్తల చేతిలో నుండెను. ముష్టియుద్ధముకన్న ఈ పోరు దీర్ఘమైనది. 1970 తరువాత అతడు న్యాయస్థానమునకెక్కి తన పాటల హక్కులు తిరిగి పొందెను. లెడ్ జెపెలిన్ అను మరియొక బృందము 1969లో వెలువరించిన పాటలో తన పదములున్నవని దావా వేయగా, 1987లో రాజీ కుదిరి అతని పేరును ఆ పాటకు చేర్చిరి.

వృద్ధ గాయకులకు వారి హక్కులు ఇప్పించుటకై అతడు బ్లూస్ హెవెన్ అను సంస్థను స్థాపించెను. 1992 జనవరి 29వ తేదీన మరణించెను. మరుసటి సంవత్సరము అతని భార్య, షికాగోలో చెస్ సంస్థ పూర్వమున్న భవనమును కొని ఆ సంస్థ కప్పగించెను. ఇతరుల వెనుక నిలిచి అతడు బాస్ మీటిన గది ఆ మేడమీదనే యున్నది.