స్కానర్ సర్వీసు – పొంగిపొర్లే లాగు
(బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి)

కంప్యూటరు తాను చేసిన పనినీ, తనకు వచ్చిన ఇబ్బందినీ ఎప్పటికప్పుడు రాసుకునే దినచర్య పుస్తకమే లాగు. డిస్కు నిండి ప్రాక్టికల్ రికార్డు సేవ్ కానప్పుడు గాని అదొకటి ఉన్నదని మనకు గుర్తు రాదు. మా ప్రయోగశాలలో నేను చూసిన ఒక ఉదాహరణతో ఈ సంగతి వివరిస్తాను.

లినక్సులో ఒక యంత్రానికి తగిలించిన స్కానరును మిగతా యంత్రాలకు అందించే సర్వీసు పేరు సేన్‌డి. సిస్టమ్‌డి 6566వ పోర్టు దగ్గర కాపు కాసి, పిలుపు రాగానే దీన్ని లేపుతుంది. పిలిచిన యంత్రం అనుమతి జాబితాలో లేకపోతే సేన్‌డి కాదని పంపేస్తుంది. లేచినందుకు, కాదన్నందుకు, ముగిసినందుకు వరుసలు లాగులో పడతాయి.

మా దగ్గర అనుమతి లేని యంత్రాల్లో, స్కానరు బటను నొక్కారా అని పదేపదే అడిగే ప్రోగ్రాము నడుస్తోంది. సెకనుకు 2 పిలుపులు, పిలుపుకు 5 వరుసలు అనుకుందాం. రోజుకు 8,64,000 వరుసలు! ఒక సర్వీసు 30 సెకన్లలో 10,000 వరుసలు దాటితే మిగిలినవి వదిలేయాలని సిస్టమ్‌డి లాగుకు మామూలుగా ఒక హద్దు ఉంది. మన లెక్కలో 30 సెకన్లకు 300 వరుసలే. అందుచేత ఆ హద్దు దీన్ని ఆపదు.

నష్టం చోటు పోవడం ఒక్కటే కాదు. లాగుకిచ్చిన చోటు (మామూలుగా డిస్కు భాగంలో పదో వంతు, 4 గిగాబైట్లు మించకుండా) నిండగానే పాత వరుసలు చెరిగిపోతాయి. అసలైన హెచ్చరికలు ఆ చెత్తతోపాటే కొట్టుకుపోతాయి.

చేయవలసిన పనులు ఇవి:

1. జర్నల్‌సీటీఎల్‌తో లాగు పరిమాణం చూసి, ఎక్కువగా రాస్తున్న సర్వీసేదో కనిపెట్టాలి.

2. వరుసలు చెరిపే ముందు చదవాలి. ఎవరు పిలిచారో అందులోనే ఉంటుంది. పొలంలో నీళ్లు పొంగితే ముందు గండి ఎక్కడ పడిందో చూస్తాం కదా!

3. పిలిచే యంత్రానికి స్కానరు అవసరమైతే అనుమతి జాబితాలో చేర్చాలి. అక్కర్లేకపోతే ఆ యంత్రంలోనే ప్రోగ్రామును ఆపాలి.

4. స్కానరే వాడకంలో లేకపోతే సాకెట్టును కూడా ఆపాలి. సర్వీసును మాత్రమే ఆపితే మరో పిలుపు రాగానే మళ్లీ లేస్తుంది.

5. లాగును కాసేపు కనిపెట్టి ఉండి, వరద ఆగిందని రూఢి చేసుకోవాలి.

లాగు నోరు నొక్కడం చిట్టచివరి మాట. మా దగ్గర వరద ఆగి, ఆ వరుసలను పక్కకు తీసి చూస్తే, డిస్కు చెడిపోతోందని చెప్పే హెచ్చరికలు రెండు కనిపించాయి. పరీక్షలకు ముందే అందరి రికార్డులూ వేరే డిస్కులోకి ఎక్కించుకోగలిగాము.