కారు ముందు బుష్‌లు ఇంట్లోనే మార్చడం ఎలా

బుష్ చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. బయట ఒక ఇనుప రింగు, లోపల ఒక ఇనుప గొట్టం, రెండిటి మధ్యా రబ్బరు. గొట్టంలోంచి ఒక బోల్టు వెళ్తుంది, అంతే. తెలుగులో దీనికి వేరే మాట ఏమైనా ఉందా అని వెతికాను. మధురవాడ కార్ షెడ్ జంక్షన్‌లో ఏ మెకానిక్‌ని అడిగినా "బుష్" అనే అంటారు. కాబట్టి అదే తెలుగు మాట. ఇంగ్లిష్ వాళ్లు కూడా దాన్ని డచ్ వాళ్ల దగ్గర తీసుకున్నారు, అక్కడ దాని అర్థం పెట్టె.

సుమతీ శతకంలో ఇరుసుకి కందెన పెట్టకపోతే దేవుడి బండైనా కదలదు అనే పద్యం మనందరం బట్టీ పట్టాం కదా. ఎద్దుబండి ఇరుసుకి అది నిజం. కారు బుష్‌కి సరిగ్గా తిరగబడుతుంది. దీంట్లో ఏదీ దేని మీదా జారదు. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి రింగుకీ అతుక్కుపోయి ఉంటుంది. చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడు రబ్బరు మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. కందెన అవసరమే లేదు. పైగా గ్రీజు, ఇంజిన్ ఆయిల్ లాంటివి తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఈ "జారదు, మెలి తిరుగుతుంది" అన్న ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. పనిలో అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్ దాని మీదే ఆధారపడి ఉంది, చివర్లో వస్తుంది.

ఇక మా బండి సంగతి. అదొక చిన్న క్రాసోవర్, ఎనిమిదేళ్లది. మా నాన్న రోజూ మధురవాడ నుంచి స్టీల్ ప్లాంట్‌కి దాంట్లోనే డ్యూటీకి వెళ్తారు. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, గాజువాక మీదుగా సుమారు 30 కిలోమీటర్లు. ఏ షిఫ్ట్ అయితే చీకటితోనే బయల్దేరాలి. ముందూ వెనకా ట్రైలర్లు, టిప్పర్లు. కొన్ని వారాలుగా బ్రేకు గట్టిగా వేస్తే బండి ఎడమకి లాగడం మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు కింద నుంచి "టక్" అని ఒక్క దెబ్బ. ఒక వర్క్‌షాప్‌లో రెండువైపులా ఆర్మ్‌లు మొత్తం మార్చాలని చెప్పిన రేటుకి నాన్న "ఈ నెల కాదు, వచ్చే నెల చూద్దాం" అన్నారు. ఆ నెల రోజులూ ఆయన అదే బండిలో ట్రైలర్ల మధ్య వెళ్లాలి కదా. అదే నాకు నచ్చలేదు.

బ్రేకు వేస్తే ఎందుకు లాగుతుందో ముందు లెక్క చూద్దాం. బండి బరువు 1300 కిలోలు అనుకోండి. గట్టిగా బ్రేకు వేస్తే వేగం తగ్గే రేటు గురుత్వాకర్షణలో 0.8 వంతు, ఆ బలంలో 70 శాతం ముందు చక్రాల మీద పడుతుంది అనుకోండి. అప్పుడు ఒక్కో ముందు చక్రాన్ని రోడ్డు వెనక్కి తోసే బలం సుమారు 3,570 న్యూటన్లు. అంటే 360 కిలోల పైచిలుకు బరువుతో సమానం. ఆ తోపుని అడ్డుకునేది లోయర్ ఆర్మ్, దాని చివర్లలో ఉన్న రెండు బుష్‌లు. ఎక్కువ బళ్లలో ఈ ఆర్మ్ ఎల్ ఆకారంలో ఉంటుంది. ముందు బుష్ గట్టిగా ఉండి మలుపుల్లో చక్రాన్ని పట్టి ఉంచుతుంది. వెనక బుష్ మెత్తగా, మధ్యలో నెలవంకల్లాంటి ఖాళీలతో ఉంటుంది, గతుకుల దెబ్బ తను మింగుతుంది. సాధారణంగా ముందు పోయేది ఈ మెత్తనిదే. అది చిరిగితే బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, కానీ స్టీరింగ్ రాడ్ పొడవు మారదు కాబట్టి చక్రం కొంచెం పక్కకి తిరుగుతుంది. స్టీరింగ్ మీరు తిప్పకపోయినా బండి తిరిగినట్టే.

అయితే "టక్" అన్న ప్రతి బండికీ బుష్ పోయిందనుకోకండి. చిన్న చిన్న గతుకుల మీద వరసగా టకటకమంటే లింక్ రాడ్ కావచ్చు. జాకీ మీద చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే బాల్ జాయింట్, లేదా వీల్ బేరింగ్. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే ఆడుతుంటే టై రాడ్ ఎండ్ చూడండి. బుష్‌కి నేను నమ్మే పరీక్ష ఇది: చదునైన చోట ఒకరు బండిని మెల్లగా ముందుకీ వెనక్కీ కదుపుతూ బ్రేకు వేయాలి, ఇంకొకరు పక్కన దూరంగా నిలబడి చక్రానికీ ఫెండర్‌కీ మధ్య ఖాళీ చూడాలి. ఎదురుగా మాత్రం నిలబడొద్దు. మా ఎడమ చక్రం కంటికి కనిపించేంతగా ముందుకీ వెనక్కీ జరిగింది. తర్వాత టార్చి వేసి చూస్తే వెనక బుష్ రబ్బరు రింగు దగ్గర విడిపోయి ఉంది. పైపైన సన్నటి గీతల్లాంటి పగుళ్లు మాత్రమే ఉంటే కంగారు అక్కర్లేదు, అది వయసు. చీలిక లోపలిదాకా వెళ్తేనే మార్చాలి. కొన్ని బళ్లలో బుష్ లోపల ద్రవం ఉంటుంది, అది కారి మరకలు కనిపిస్తే ఆ బుష్ పని అయిపోయినట్టే.

ఇది ఇంట్లో చేయగలిగే పని అవడానికి కారణం మన బళ్ల ముందు సస్పెన్షన్ డిజైన్. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న క్రాసోవర్లలో చాలావాటికి ముందు ఉండేది మాక్‌ఫెర్సన్ స్ట్రట్. బ్రిటన్‌లో ఫోర్డ్ 1950లో కాన్సుల్, జెఫిర్ కార్లలో పెట్టిన పద్ధతే. దీంట్లో స్ప్రింగు స్ట్రట్ మీద కూర్చుంటుంది, కింది ఆర్మ్ మీద కాదు. అందుకని ఆర్మ్ విప్పినా స్ప్రింగు ఎగిరిపడే ప్రమాదం లేదు. మీ బండికి స్ప్రింగు నేరుగా కింది ఆర్మ్ మీద ఉంటే మాత్రం ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

బండి కింద పడుకునే ముందు ఒక మాట. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు. బరువు మోయాల్సింది స్టాండ్లు. సిమెంట్ హాలో బ్రిక్స్ పెట్టి పని కానిచ్చేవాళ్లని నేను చూశాను, దయచేసి వద్దు. అవి ముందస్తు చప్పుడు కూడా చేయకుండా ఒక్కసారి పగులుతాయి. మధురవాడలో సగం వీధులు కొండవాలు మీదే ఉంటాయి కాబట్టి చదునైన నేల దొరకడమే కష్టం. మాకు అపార్ట్‌మెంట్ పార్కింగ్ దొరికింది (అసోసియేషన్ సెక్రటరీ అంకుల్‌కి ఆదివారం ఒక్కరోజే అని మాటిచ్చాక). వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు, హ్యాండ్ బ్రేక్, ముందు రెండు వైపులా ఎత్తి రెండు స్టాండ్లు. ఒకవైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి ఆర్మ్‌ని లాగుతూ ఉంటుంది, పని రెట్టింపవుతుంది.

బండి ఎత్తకముందే ఒక కొలత రాసుకోవాలి. నేల మీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడు చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా టేపుతో కొలవండి. ఎందుకో తర్వాత.

మన ఊళ్లో అసలు శత్రువు రబ్బరు కాదు, తుప్పు. సముద్రం గాలి రుషికొండ వైపు నుంచి రోజంతా వస్తూనే ఉంటుంది. బుష్ లోపలి గొట్టంలో బోల్టు తుప్పుతో కలిసిపోయి ఒకటే ముక్కలా తయారవుతుంది. అందుకే శనివారం సాయంత్రమే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేశాం. ఎలాగూ తీసి పారేసే రబ్బరే కాబట్టి ఆయిల్ తగిలినా బాధ లేదు. గ్యాస్ మంటతో కాల్చి వదిలించాలని చూడొద్దు. రబ్బరు అంటుకుంటుంది, పక్కనే బ్రేకు పైపు ఉంటుంది.

విప్పే వరస సులువే. చక్రం, లింక్ రాడ్ ఆర్మ్‌కి ఉంటే అది, తర్వాత బాల్ జాయింట్ బిగించిన పించ్ బోల్టు, చివరికి ఆర్మ్ బోల్టులు. బాల్ జాయింట్ ఊడి రాకపోతే నకిల్ చీలికలో ఉలి పెట్టి మెల్లగా తడితే కొంచెం తెరుచుకుంటుంది. అది వదిలాక నకిల్‌ని బయటికి లాగొద్దు, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడిపోవచ్చు. దాని బరువు బ్రేకు గొట్టం మీదా, ఏబీఎస్ వైరు మీదా పడకుండా తాడుతో స్ట్రట్‌కి కట్టేయండి. మా దాంట్లో ఎడమ ఆర్మ్ వెనక బోల్టు ఒక్కటే గంటన్నర తినేసింది. నాన్న "ఏమ్మా, ఇది మనవల్ల అయ్యేదేనా?" అని రెండుసార్లు అడిగారు. మూడోసారి అడిగేలోపు కదిలింది.

ఆర్మ్ బయటికొచ్చాక పాత బుష్ తీయడానికి ముందు ఫోటో తీయండి, మార్కర్‌తో గీత పెట్టండి. ఆ నెలవంక ఖాళీలు ఏ దిక్కుకి ఉన్నాయో, రింగు ఎంత లోతులో కూర్చుందో రెండూ ముఖ్యం. కొత్తది 90 డిగ్రీలు తిప్పి పెడితే మెత్తగా ఉండాల్సిన దిక్కు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన దిక్కు మెత్తగా అయిపోతుంది.

నొక్కడానికి యూట్యూబ్‌లో వైస్, సాకెట్లతో చేసి చూపిస్తారు. చిన్న ముందు బుష్‌లకి అది సరిపోతుంది. పెద్ద వెనక బుష్‌లకి నేను ఆ తంటా పడకుండా, ఆర్మ్‌లు రెండూ సంచిలో వేసుకుని కార్ షెడ్ జంక్షన్ దగ్గర లేత్ షాపుకి వెళ్లాను. హైడ్రాలిక్ ప్రెస్ మీద ఆయన నాలుగు బుష్‌లూ పావుగంటలో తీసి పెట్టేశారు. "పాపా, గీత ఇటా అటా?" అని నా మార్కర్ గీతలు అడిగి మరీ పెట్టారు. ఇంట్లో చేస్తున్నామని ప్రతి ముక్కా ఇంట్లోనే అవ్వాలన్న పట్టుదల నాకు లేదు.

కొత్త బుష్‌ని ఫ్రీజర్‌లో పెడితే ముడుచుకుని సులువుగా దిగుతుందంటారు. లెక్క వేశాను. 40 మి.మీ. ఉక్కు రింగు 45 డిగ్రీలు చల్లబడితే తగ్గేది సుమారు 0.02 మి.మీ. కొంచెం సాయమే, మంత్రం కాదు. ఫ్రీజర్‌లో వంజరం ముక్కల పక్కన బుష్‌లు చూసి అమ్మ అన్న మాటలకి ఆ 0.02 సరిపోదు. రింగుకి సబ్బు నీళ్లు రాస్తే చాలు. అన్నట్టు, పాలీయురెథేన్ బుష్‌లు కూడా దొరుకుతాయి. అవి గట్టివి, చాలా రకాల్లో లోపలి గొట్టం మెలి తిరక్కుండా జారుతుంది. అంటే వాటికి కందెన కావాలి, సుమతీ శతకం మళ్లీ పనికొస్తుంది. కానీ గతుకులన్నీ స్టీరింగ్‌లో తెలుస్తాయి. రోజూ డ్యూటీకి వెళ్లే బండికి కంపెనీ రబ్బరే నా ఓటు.

ఇప్పుడు అసలు స్టెప్. ఆర్మ్ ఎక్కించి బోల్టులు పెట్టేశాం. చక్రం గాల్లో వేలాడుతోంది. ఇక్కడ బోల్టులు ఫుల్లుగా బిగిస్తే ఏమవుతుంది? బోల్టు బిగించగానే లోపలి గొట్టం బాడీకి లాక్ అయిపోతుంది. రబ్బరుకి ఆ క్షణంలో ఉన్న కోణమే సున్నా. మన భాషలో చెప్పాలంటే వేరియబుల్‌కి ఇనీషియల్ వేల్యూ అప్పుడే పడుతుంది. ఆర్మ్ పొడవు 350 మి.మీ., వేలాడుతున్న చక్రం మామూలు కంటే 80 మి.మీ. కిందుంది అనుకుంటే కోణం సుమారు 13 డిగ్రీలు. అంటే బండిని నేల మీదకి దించగానే కొత్త రబ్బరు 13 డిగ్రీలు మెలి తిరిగి, ఖాళీగా పార్కింగ్‌లో ఉన్నా రాత్రంతా అలాగే ఉంటుంది. గొయ్యి దాటేటప్పుడు చక్రం ఇంకో 60 మి.మీ. పైకి లేస్తే మరో 10 డిగ్రీలు, మొత్తం 23. సరిగ్గా బిగిస్తే అదే గొయ్యికి 10 డిగ్రీలే. కొత్త బుష్ త్వరగా చిరగడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

కాబట్టి బోల్టులు చేత్తో బిగించి, చక్రాలు ఎక్కించి, టైరు కంటే వెడల్పైన మందపాటి చెక్క పలకల మీదకి బండిని దించాం. బండిని రెండుమూడుసార్లు పైనుంచి నొక్కి వదిలి, ఇందాక రాసుకున్న కొలతతో సరిచూశాం. మాకు 3 మి.మీ. తేడా వచ్చింది, అది చాలు. స్టాండ్లు మాత్రం బాడీ కింద ఒక వేలు సందుతో అలాగే ఉంచాం. అప్పుడు కింద నుంచి టార్క్ రెంచ్‌తో బిగించాను. క్రాసోవర్‌కి నేల నుంచి ఎత్తు ఎక్కువ కాబట్టి రెంచ్ తిప్పడానికి చోటుంటుంది. రెంచ్ మెకానికల్ బ్రాంచ్ ఫ్రెండ్ ఇచ్చింది. ఎంత బిగించాలన్నది మీ బండి సర్వీస్ మాన్యువల్‌లోనే చూడండి, వేరే బండి అంకె పనికిరాదు. కొన్ని బోల్టులకి టార్క్ తర్వాత ఇంకొన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది. అలాంటివి సాగి పట్టుకునే రకం, చాలా మాన్యువల్స్‌లో వాటిని ఒకసారే వాడమని రాసి ఉంటుంది. మేం అన్నీ కొత్తవే వేశాం. కుడివైపు బుష్ ఇంకా కొంత బాగానే ఉన్నా రెండువైపులా మార్చేశాం. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే లాగుడు ఇంకో రకంగా వస్తుంది.

సోమవారం నాన్నకి సెలవు. పొద్దున్నే అలైన్‌మెంట్ సెంటర్‌కి తీసుకెళ్లాం. ఆర్మ్ విప్పాక ఇది తప్పనిసరి. టో కొంచెం తేడా వచ్చింది, సరిచేశారు. ఎడమ టైరు లోపలి అంచు అరిగిపోయి ఉందని అప్పుడే తెలిసింది. అది ఇప్పుడప్పుడే బాగుపడదు, టైర్లు మార్చేదాకా అంతే. అక్కణ్నుంచి ఖాళీగా ఉన్న రోడ్డు మీద మొదట 30 వేగంలో, తర్వాత 60లో బ్రేకు వేసి చూశాం. స్టీరింగ్ నిటారుగా ఉంది. మంగళవారం ఏ షిఫ్ట్‌కి నాన్న దాంట్లోనే వెళ్లారు. వారం తర్వాత బోల్టులన్నీ మళ్లీ టార్క్ చూశాను, ఏదీ కదల్లేదు. పాత ఎడమ బుష్‌ని హాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి పెట్టాను, రబ్బరు రింగు నుంచి సగం చుట్టూ విడిపోయి ఉంది. చూడాలంటే క్లబ్ రూమ్‌లో కిటికీ పక్క షెల్ఫ్‌లో ఉంది.