జీపు ఎత్తు పెంచే ముందు కమాన్లు చూసుకోండి

పోయినసారి వీడియోలో భాకరాపేట దగ్గర కొండకింద ఉన్న మా మామిడితోటకి జీవామృతం డ్రమ్ములు జీపులో తోలుకుపోవడం చూపించాను. అది చూసి నలుగురైదుగురు ఫోన్ చేసి ఒకటే అడిగారు: "అన్నా, బండి ఎత్తు పెంచినావా? ఎంతయింది?" ఈసారి వీడియోలో ఆ పని మొత్తం ఉంది. వీడియోలో కనపడని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మా తోటకి పోవాలంటే ఒక వంక దాటాలి. వానలు పోయినాక ట్రాక్టర్లు తిరిగి తిరిగి గాడులు లోతు పడిపోయాయి, మధ్యలో గట్టు లేచింది. వెనకాల రెండు డ్రమ్ములు పెట్టానంటే 400 లీటర్లు, అంటే 400 కిలోల పైమాటే. దానిమీద ఘనజీవామృతం మూటలు. బండి కడుపు గట్టుకి రాసుకుంటా పోయేది. నాలుగు అంగుళాలు లేపేస్తే సరిపోతుందని నేనే తీర్మానం చేసుకుని మేస్త్రీ దగ్గరికి పోయాను.

ఆయన బండి కిందకి దూరి చూసి బయటికొచ్చి, "ఎత్తు అడగతా ఉండావు గానీ, నీ కమాన్లు చూసినావా? చచ్చిపోయుండాయి" అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పిన చిట్కా అందరికీ పనికొస్తుంది. బండి కింద, తగులుతుందనుకున్న చోటల్లా సున్నం పూయండి. మామూలుగా తోలే బరువుతో అదే దారిలో ఒకసారి పోయి రండి. సున్నం ఎక్కడ చెరిగిందో చూడండి. ఛాసిస్ కింద, గేర్‌బాక్స్ కింది అడ్డపట్టీ మీద చెరిగితే కమాన్ల ఎత్తుతో లాభం ఉంటుంది. ఆక్సిల్ మధ్యలో క్రౌన్ గుండు మీద చెరిగితే కమాన్లు ఎంత లేపినా దమ్మిడీ లాభం లేదు. ఎందుకంటే కమాన్లు లేపేది ఛాసిస్‌నే. ఆక్సిల్ చక్రాల మధ్య ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపాలంటే పెద్ద టైర్లే దారి. ఈ ఒక్క ముక్క తెలియక డబ్బులు పోసుకున్నవాళ్లు ఉన్నారు.

నా బండికి అడ్డపట్టీ మీద చెరిగింది. సమతలంలో నిలబెట్టి నాలుగు మూలలా నేల నుంచి ఛాసిస్ దాకా టేపుతో కొలిస్తే వెనక కుడివైపు ఒకటిన్నర అంగుళం దిగిపోయి ఉంది. కట్ట ఊడదీస్తే రెండో పట్టీ విరిగి ఉంది. అంటే నాకు కావాల్సింది లిఫ్టు కాదు, కంపెనీ ఇచ్చిన ఎత్తే. వెనకవి రెండూ కొత్త కట్టలు వేయించాను. ముందువి ప్రెస్సులో చల్లగానే వంపు తిప్పించాను. గ్యాస్ మంటతో కాల్చి వంచుతామంటే వద్దనండి. ఆ ఉక్కు పదును పోతుంది, నాలుగు నెలల్లో మళ్లీ సాగుతుంది, లేదంటే విరుగుతుంది.

మా బావమరిది మాత్రం ఆగలేదు. ఒక షెడ్డులో పొడుగు షాకిళ్లు, వెనక దిమ్మెలు వేయించి నాలుగు అంగుళాలు లేపాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కనుమ దిగేటప్పుడు 50 స్పీడు దాటగానే స్టీరింగ్ చేతిలో గడగడా ఊగింది. పక్కన చెల్లెలు, వెనక పిల్లోళ్లు. దేవుడి దయ, బండి ఎడమపక్క మట్టిలో ఆగింది.

కారణం ఏంటంటే, పాత జీపుల్లో ముందు కమానుకి షాకిల్ ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే కమాను ముందుకి వాలి ఆక్సిల్ కూడా ముందుకి తిరుగుతుంది. స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను నేరుగా వచ్చే గుణం తగ్గిపోతుంది. చిన్న గుంత తగిలినా ఊగులాట మొదలు. పైగా షాకిల్ రెండంగుళాలు పొడుగు పెడితే బండి లేచేది ఒక అంగుళమే. దిమ్మెలైతే ముందు ఆక్సిల్‌కి అసలు పెట్టకూడదు, వెనక కూడా ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. లేపాల్సిందే అంటే సరైన వంపుతో తయారైన కట్టలే వేయించండి, అదీ రెండంగుళాల లోపే. ఇది నా మాట.

ఇంక బిగించేటప్పుడు. సిమెంటు నేల మీద పెట్టి, పని చేయని చక్రాలకి ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయాలి. జాకీతో లేపాక ఛాసిస్ కింద ఇనప స్టాండ్లు పెట్టాల్సిందే. రాళ్లు, సిమెంటు బ్రిక్కులు నమ్మొద్దు. నేను ఒకసారి రాళ్లమీద పెట్టి కింద పడుకోబోయాను. బీడీ కోసం లేచి వచ్చాను, ఇంతలో బండి జారి కూలబడింది. బీడీ మంచిదని చెప్పడం లేదు, ఆ రోజు మాత్రం అదే కాపాడింది.

ఆక్సిల్ కింద రెండో జాకీ పెట్టి, షాక్ అబ్జార్బర్ విప్పినాకే యూ బోల్టులు తీయండి. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, అవి సాగి ఉంటాయి. కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తల ఆక్సిల్ కూచునే చోట గుంతలో సరిగ్గా పడాలి, లేకపోతే ఆక్సిల్ పక్కకి జరుగుతుంది. యూ బోల్టు నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. షాకిల్ బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి తొందరగా చినుగుతుంది.

తర్వాత ఛాసిస్ లేపి చక్రాలు పూర్తిగా కిందికి వేలాడనిచ్చి చూడండి. వీడియోలో ఇక్కడ కావాలనే ఎక్కువసేపు చూపించాను. బ్రేక్ హోస్ పైపు లాగినట్టు ఉండకూడదు. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి కూడా చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్టు జారే జాయింటు బయటికి వచ్చేసేంతగా సాగకూడదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్, షాక్ అబ్జార్బర్ పొడవు కూడా అంతే. హెడ్‌లైట్లు పైకి లేస్తాయి, దించుకోండి.

మనకి, అంటే డ్రమ్ములు మోసేవాళ్లకి, ఇంకో ప్రమాదం ఉంది. రెండు చక్రాల మధ్య వెడల్పు 48 అంగుళాలు, బండి బరువుకి మధ్యబిందువు నేలకి 28 అంగుళాల ఎత్తు అనుకుందాం. నిలబడి ఉన్న బండి పక్కకి ఒరగాలంటే దాదాపు 40 డిగ్రీల వాలు కావాలి. నాలుగు అంగుళాలు లేపితే 37కి దిగుతుంది. వెనక నిండు డ్రమ్ములు నిలబెడితే ఇంకా తగ్గుతుంది. కదిలే బండికి గుంతా, మలుపూ తోడైతే అంత వాలు కూడా అక్కర్లేదు. నిండు డ్రమ్ముకంటే సగం డ్రమ్ము ఇంకా చెడ్డది. లోపల నీళ్లు ఒక్కసారిగా వాలుపక్కకి వస్తాయి. నేను ఇప్పుడు పెద్ద డ్రమ్ములు మానేసి, 50 లీటర్ల క్యాన్లు మూతదాకా నింపి, అడుగున వరసగా పెట్టి తాడేస్తున్నాను. వాలుకి అడ్డంగా తోలను, నిలువుగానే.

చట్టం సంగతి కూడా. కంపెనీ ఎత్తుకి తెచ్చుకోవడం మరమ్మత్తు. దాన్ని మించి లేపితే మార్పు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. తోటలోనే తిరిగే బండి కదా అనుకోవద్దు, తిరుపతికి పోయే రోడ్డు కూడా ఎక్కుతాం కదా. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఇవే. ఏదైనా చేయించాలనుకుంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

మా బావమరిది కంపెనీ షాకిళ్లు మళ్లీ వేయించి, దిమ్మెలు తీయించేశాడు. నా బండి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ పట్టి చూశాను. వెనక కుడివైపు యూ బోల్టు అర చుట్టు తిరిగింది. 500కి ఇంకోసారి చూడాలి. పీలేరు సంతకి రెండుమూడు సార్లు పోయొస్తే అదీ అయిపోతుంది.