బొమ్మరైలుకు కొండ, సొరంగం చేసుకుందాం



వైజ్ఞానిక ప్రదర్శన అనగానే మన హాస్టళ్ల నుంచి ఒక అగ్నిపర్వతమో, ఒక గాలిమరో బయల్దేరుతుంది. ఈసారి సొరంగంలోంచి పోయే రైలు చేస్తామని కొందరు తమ్ముళ్లు నన్ను అడిగారు. కనుక ఈ వార్షికోత్సవ సంచికకు దాన్నే పాఠంగా రాస్తున్నాను. దీనికి ఎక్కడో స్విట్జర్లాండు బొమ్మ చూసి చేయనక్కర లేదు. అసలు సొరంగం మన దారిలోనే ఉంది.

ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు వైపు వెంకటాచలం దాకా వేసిన సుమారు 113 కిలోమీటర్ల కొత్త రైలుమార్గాన్ని 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. ఈ మార్గంలో చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య వెలిగొండలను తొలిచి దాదాపు 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. విద్యుత్ రైళ్లు నడిచే సొరంగాల్లో అప్పటికి దేశంలో ఇదే పొడవైనదని ప్రకటించారు. ఇది లేనప్పుడు మన వైపు నుంచి కృష్ణపట్నం రేవుకు పోయే గూడ్సు బండి రేణిగుంట, గూడూరు చుట్టి పోవలసిందే. ఇప్పుడు 72 కిలోమీటర్లు కలిసివచ్చాయి.

కొండ మీదుగా పట్టాలు వేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. లారీ ఎక్కే ఘాట్ రోడ్డును గూడ్సు బండి ఎక్కలేదు. నూరు అడుగులు ముందుకు పోయేసరికి ఒక్క అడుగు ఎత్తు పెరిగినా దానికి అది భారమే. చుట్టూ తిరగాలి, లేదా తొలుచుకొని పోవాలి.

నమూనా చేసేవాళ్లు ఎక్కువగా మరిచేది ఇక్కడే. బల్ల నడుమ లడ్డూలాంటి గుండ్రటి కొండ ఒకటి నిలబెట్టి, దానికి బొక్క పెట్టి రైలును పంపుతారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ న్యాయనిర్ణేత వచ్చి "పక్కన ఇంత ఖాళీ ఉంది కదా, సొరంగం ఎందుకు?" అంటే జవాబు ఉండదు. హాస్టల్ పిల్లలు ఎవరిచేతనో చేయించుకొని వచ్చారని అనుకునేవాళ్లకు అదొక్కటి చాలు. కనుక మీ కొండ బల్ల ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గోడలా అడ్డంగా ఉండాలి. ఒకవైపు మంగంపేట గనులు, మరోవైపు సముద్రం, రేవు. నడుమ వెలిగొండ. అప్పుడు సొరంగం ఎందుకో బల్లే చెబుతుంది.

ఇక కొలతలు. అసలు సొరంగంలో పట్టా నుంచి పైకప్పుకు 6.5 మీటర్లు. బొమ్మరైళ్ల ప్రపంచంలో బాగా వాడే కొలత 87కు ఒకటి. ఆ లెక్కన ఎత్తు ఏడున్నర సెంటీమీటర్లు వస్తుంది, బాగానే ఉంది. పొడవు లెక్క కట్టండి: దాదాపు 76 మీటర్లు! మన వరండా చాలదు. కాబట్టి రెండు ముఖద్వారాలు సరిగా చేసి, నడుమ ఒకటిన్నర అడుగుతో సరిపెట్టండి. "పొడవు స్కేలు ప్రకారం కాదు" అని చీటీ రాసి అంటించండి. దాన్ని దాచవద్దు. 76 మీటర్ల లెక్క మీరే చెబితే, అడిగేవాళ్లకు మీ మీద గౌరవం పెరుగుతుంది.

తిరునాళ్లలో కొనే బ్యాటరీ రైలు ఏ స్కేలుకూ ఒదగదు. అందుకని కొండకంటే ముందు పట్టాలు బిగించండి. అన్నింటికంటే పొడవైన పెట్టెకు రెండు పక్కలా పెన్సిల్ ముక్కలు కట్టి, కింద కాగితం పరిచి చేత్తో నడపండి. మలుపులో పెట్టె నడుము లోపలికి, కొసలు బయటికి జరగడం గీతల్లో కనిపిస్తుంది. ఆ గీతలకు అవతల రెండు వేళ్ల ఖాళీ వదిలి సొరంగం గోడలు నిలపండి. వీలైతే సొరంగాన్ని తిన్నని పట్టా మీదే పెట్టండి.

ముఖద్వారం గుర్రపు నాడా ఆకారంలో కత్తిరించాలి. ఎందుకంటారా? పోస్టుకార్డంత అట్టను రెండు పుస్తకాల మీద బల్లపరుపుగా పెట్టి పైన డస్టర్ పెట్టండి, కుంగుతుంది. అదే అట్టను విల్లులా వంచి, కొసలు జరగకుండా పుస్తకాలు ఆనించి పెట్టండి, మోస్తుంది. పైబరువు వంపు వెంట పక్కలకు దిగిపోతుంది. వెలిగొండలో కూడా కొద్దికొద్దిగా తొలుస్తూ, కాంక్రీటు చిమ్ముతూ, రాతిలోకి ఇనుప కడ్డీలు దిగ్గొట్టుకుంటూ పోయారు. కొండ బరువును కొండచేతే మోయించడం ఆ పద్ధతి. ఈ డస్టర్ ప్రయోగాన్ని నమూనా పక్కనే చేసి చూపండి.

కొండకు ఖర్చు లేదు. స్టోర్‌రూములో ఉండే అట్టపెట్టెలను కొండ వాలు ఆకారంలో కోసి అర అడుగుకొకటి నిలబెట్టండి. వాటి మీద అట్ట పట్టీలను నులకమంచంలా అల్లి అంటించండి. పైన పాత దినపత్రికల ముక్కలను మైదా జిగురులో ముంచి మూడు పొరలు వేయండి. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. వంటగిన్నె వాడవద్దు, పెద్దల ఎదుట కలపండి, చేతులు కడుక్కోండి. ఒక పొర ఎండాకే ఇంకొకటి వేయాలి. మన ఎండకు ఒక పూట చాలు.

ఊళ్లో దొరుకుతుంది కదా అని ముగ్గురాయి పొడితో కొండ మెత్తుదామని అనుకోవద్దు. మామూలు రాయి నీటికంటే రెండున్నర రెట్లు బరువైతే, ముగ్గురాయి నాలుగు రెట్లు దాటుతుంది. చమురు బావుల్లో దాన్ని వాడేది ఆ బరువు కోసమే. మీ కొండను బస్సెక్కించడానికి నలుగురు కావాలి! పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మిల్లుల పక్కన ఇళ్లున్నవాళ్లకు నేను చెప్పనక్కర లేదు. సీసాలో ఒక ముక్క పెట్టి చూపండి, చాలు. పైపూతకు సుద్దముక్కల పొడి, ఫెవికాల్ సరిపోతాయి.

రంగు విషయంలో నాదొక మాట. గండికోటలో రాతి పొరలు దాదాపు సమంగా, ఇటుకలు పేర్చినట్టు ఉంటాయి. వెలిగొండ రాళ్లు అలా కావు, భూమి ఒత్తిడికి మడతలు పడ్డాయి. కనుక పొరల గీతలను ఏటవాలుగా, వంపులుగా గీయండి. జల్లించిన ఎర్రమట్టిని తడి జిగురు మీద చల్లండి. ఎండిన తులసి కొమ్మలు చెట్లవుతాయి. ఈ పని జరిగినంతసేపూ పట్టాలను కాగితంతో కప్పి ఉంచాలి. ఇసుక రేణువొకటి ఇంజను పళ్లచక్రాల్లో పడితే రైలు అక్కడే ఆగుతుంది.

కొండ వెనకవైపు చెయ్యి పట్టేంత కిటికీ తప్పక వదలండి, పెట్టె పడిపోతే తీయాలి కదా. కొండను బల్లకు అంటించవద్దు. మూతలా ఎత్తి విడిగా తీసుకుపోవచ్చు. ప్రదర్శనకు పది రోజుల ముందే మొదలుపెట్టండి. చివరి రెండు రోజులు రైలు నడపడానికే ఉంచుకోండి. కొత్త బ్యాటరీలు మాత్రం అక్కడికి వెళ్లాకే వేయండి.